సగం సంగటి

శుక్రవారం, మదనపల్లె

ఈరోజు గన్‌మన్ డ్యూటీలో సార్ వెంట కుప్పం వెళ్లాను. వాళ్ల అక్క నన్ను కూడా కూర్చోబెట్టి సంగటి, కోడికూర వడ్డించింది. సగం తిని, అలవాటుగా లేచి వాకిలి దగ్గర నిలబడ్డాను.

"యాలప్పా లేసినావు? ముద్ద అట్నే ఉండాదే! ఎవురికి జాగా ఇడిసినావు?" అందామె.

నాగప్పకి. ఆమెతో మాత్రం కడుపు నిండిందన్నాను.

మిలటరీలో ఉన్నప్పుడు సరిహద్దులో మా ఇద్దరిదీ ఒకే పోస్టు. ఒకడు తింటే ఇంకొకడు బయట కాపలా. నేను తింటున్నంతసేపూ నాగప్ప తన బి.కొత్తకోట చెనక్కాయల ఊరిబిండి పచ్చడి గురించి చెప్పి నోరూరించేవాడు. "బిరీన లెయ్‌రా, నాకూ ఆకలైతాండాది" అని నవ్వేవాడు. ఆ నవ్వు వినడానికే కావాలని మెల్లగా తినేవాణ్ణి.

ఆఖరి రోజూ అలాగే పిలిచాడు. "ఉండ్రా, ఇంకొక్క రొట్టె" అన్నాను. ఆ రొట్టె తుంచేలోపే బయట షెల్ పడింది. లోపలున్న నేను మిగిలాను.

అప్పటినుంచి సగంలోనే లేస్తున్నాను. అది డ్యూటీ మీద శ్రద్ధ అని సార్ మెచ్చుకుంటాడు.

ఇంతకీ నాగప్ప ఎలా తినేవాడో గుర్తు తెచ్చుకుందామంటే రావడం లేదు. వాడు తినేటప్పుడల్లా నా వీపు వాడివైపే ఉండేది.