మంగళవారం రాకముందే ఓ తట్ట కాంక్రీటు

సోమవారం. పామర్రు సైటు నుంచి వచ్చి, భోజనం చేశాక.

కాలవకి నీళ్లు వదిలేలోపు వంతెన పునాది పూర్తవ్వాలి. ఆఫీసు ఏఐ యాప్ కాంక్రీటుకి రేపు, అంటే మంగళవారం, ముహూర్తం పెట్టింది. మేస్త్రీ వెంకటేశ్వర్లు గారు అడ్డం తిరిగారు. "మంగళవారం కొత్త పని మొదలెట్టం మేడమ్!" నాకు ఒళ్లు మండింది. మళ్లీ ఆయనే, "ఇవాళే కొబ్బరికాయ కొట్టి ఓ తట్ట కాంక్రీటు వేసేద్దామండీ. రేపు చేసేది పాత పనేగా!" అన్నారు.

అలాగే చేసి, ఫోటో యాప్‌లో పెట్టాను. వెంటనే అది "పని ఒక రోజు ముందుంది, అభినందనలు" అని హెడ్డాఫీసు దాకా మెసేజ్ కొట్టింది. ఎండీ గారు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. నవ్వాపుకోలేక చచ్చాను.

కానీ వచ్చే వంతెనకి ఆ యాప్ ఇదే లెక్కన గడువులో ఓ రోజు కోసేస్తుందేమో... కోస్తే కోయనీ. పామర్రులో కొబ్బరికాయలకి కరువా!