చేపతలతో కాకి

నవంబరు 12, తొయామా

గౌరవనీయులైన ఇసురుగి ఫుమి గారికి,

తతేయామా కొండల నెత్తిన తొలి మంచు కనిపించిన ఈ వేళ మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా పేరు హోరిటా షుంసుకె. మన ఊళ్ళో చదివేవాళ్ళూ రాసేవాళ్ళూ పెరగాలని లాభాపేక్ష లేకుండా నడుస్తున్న పుటవెలుగు సాహితీ సమితికి కార్యదర్శిని. మీ వీధి చివర ట్రాము స్టాపు దగ్గర మేం పెట్టిన కవితాపెట్టెలో మీరు వేసిన కవిత చదివి మా న్యాయనిర్ణేతలు ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

చలి మొదలు.
చేపతలతో కాకి
నా గుమ్మంలోకి.

హైకూ లెక్క ప్రకారం ఐదు, ఏడు, ఐదు. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఋతువు ఉంది, మృత్యువు ఉంది, ఇల్లు ఉంది. ఈ నెల ఉత్తమ కవితగా దీన్ని ఎన్నుకున్నామని తెలియజేయడం నా భాగ్యం. ఊళ్ళో తిరిగే ట్రాములన్నిటిలోనూ నిన్నటి నుంచి మీ కవిత వేలాడుతోంది.

ఇట్లు,
వినయంతో,
హోరిటా షుంసుకె

తా.క.: కవిత కింద మీ పేరు, ఇంటి చిరునామాతో సహా వేయించాం. అభిమానులు వెతుక్కునే శ్రమ ఉండకూడదు కదా.

———

నవంబరు 14

కార్యదర్శి హోరిటా గారికి,

చలి ముదురుతోంది, మీరూ మీ వాళ్ళూ జాగ్రత్త. అయ్యా, మీ ఉత్తరం చదివి చేతిలో టీ కప్పు జారవిడిచాను. చాప ఇంకా తడిగానే ఉంది.

అది కవిత కాదు. ఫిర్యాదు! స్టాపు దగ్గర చెక్కపెట్టె కనబడితే మా వీధి సంఘం వాళ్ళు సలహాల కోసం పెట్టిందనుకున్నాను. దాని మీద ఏదో రాసుందట. ఎవరు చదువుతారండీ అవన్నీ? పేరూ చిరునామా లేకుండా ఉత్తరాలు రాసే అలవాటు మా ఇంటావంటా లేదు కాబట్టి అవీ రాశాను. ఉత్తరమన్నాక ముందు చలి గురించో వాన గురించో ఒక మాట అనాలి కాబట్టి అన్నాను. అక్షరాలంటారా, ఈ ఊళ్ళో పళ్ళ డాక్టరు గోడ మీద రాయించిన మాట కూడా ఐదూ ఏడూ ఐదులోనే ఉంటుంది. చిన్నప్పటి నుంచి చెవులకు అదే అలవాటు, ఏం చేయను?

సంగతేమిటంటే, మా పక్కింటి కనమోరి షిజు గారు చెత్త సంచి మూతి సరిగ్గా కట్టరు. కాకులు చించి చేప తలకాయలు నా గుమ్మంలోకి లాక్కొస్తున్నాయి. ఈ ఏడాది మా వీధి చెత్త వంతు పెద్దను నేనే. వీధి మూల పెట్టే సంచుల మీద కాకులు రాకుండా కప్పే వల నా పూచీ. నాకెలా ఉంటుందో చెప్పండి! రోజూ తెల్లారకుండానే మా చెల్లెలి నూడుల్స్ కొట్టుకు వెళ్ళిపోతాను కాబట్టి చాలా రోజులు ఎవరి పనో తెలియలేదు. పోయిన నెల ఒక మంగళవారం వాన పడి ఇంట్లోనే ఉండిపోయాను. తలుపు తీస్తే షిజు గారు నా గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని చేప ముళ్ళు ఏరుతున్నారు. నన్ను చూడగానే నడుం వంచి “క్షమించండి, క్షమించండి” అన్నారు. తప్పు లేనిదే ఎవరైనా క్షమించమంటారా?

మొహాన చెప్పలేను. మా ఆయన పోయినప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆవిడా నేనూ కలిసి వీధి స్నానశాలకు వెళ్తాం. నా వీపు ఆవిడ రుద్దుతుంది, ఆవిడ వీపు నేను రుద్దుతాను. ఈ వయసులో నాకు మిగిలిన మనిషి ఆవిడ ఒక్కతే. అందుకే సంఘం వాళ్ళు ఎవరి పేరూ ఎత్తకుండా అందరికీ కలిపి ఓ మాట చెబుతారని ఆ నాలుగు ముక్కలూ రాశాను. అర్థం చేసుకునేవాళ్ళకు అంతకన్నా అక్కర్లేదు. ఇప్పుడు ఆవిడ ట్రామెక్కి అది చూస్తే నా బతుకేం కావాలి? దయచేసి తీసేయండి.

ఇట్లు,
ఇసురుగి ఫుమి

తా.క.: ఇంకో వింత. బుధవారం పొద్దున నేను బయల్దేరే వేళకు షిజు గారు రెండు చెత్త సంచులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటారు. నేను మలుపు తిరిగేదాకా కదలరు. ఒంటి మనిషికి రెండు సంచులా? ఏం తింటుందండీ ఆవిడ!

———

నవంబరు 18

పూజ్యులు ఇసురుగి ఫుమి గారికి,

నది ఒడ్డున చెట్లు ఆకు రాల్చేశాయి. మీ ఉత్తరం చదివి మా సమితి సభ్యులం అందరం కళ్ళు తుడుచుకున్నాం. ఎంత వినయం! “అది కవిత కాదు” అన్నారు. గొప్పవాళ్ళందరూ మొదట ఆ మాటే అంటారు. ఇంటికొచ్చిన వాళ్ళు కానుక చేతికిస్తే “అయ్యో, ఇవన్నీ ఎందుకండీ” అని రెండుసార్లు వెనక్కి తోయడం మన పెద్దవాళ్ళు నేర్పిన మర్యాద. మీరు మొదటిసారి తోశారు. మేం మళ్ళీ ఇస్తున్నాం. ఈసారి బస్సుల్లో కూడా పెట్టించాం.

పక్కింటి కనమోరి గారి మీద మీకున్న ఆప్యాయత మమ్మల్ని కదిలించింది. వీపులు రుద్దుకునే ఆ స్నేహం లేకపోతే ఈ కవిత పుట్టేదా? ఆమెకు కూడా సమితి తరఫున అభినందన ఉత్తరం పంపించాం.

ఇట్లు,
మీ అభిమాని,
హోరిటా షుంసుకె

తా.క.: ఆమెకు పంపిన ఉత్తరంలో మీ కవిత పెద్ద అక్షరాలతో జతచేశాం. కాకి బొమ్మ కూడా వేయించాం.

———

నవంబరు 23

హోరిటా గారూ,

మంచు పడేలా ఉంది, వాతావరణం గురించి ఇంతే. బాబూ, కొంప ముంచావు కదయ్యా! పైన “గారూ” అని రాయడానికి కూడా ఇవాళ నా వేలు మొరాయించింది.

షిజు గారు స్నానశాలకు రావడం మానేశారు. నిన్న ఆరింటికి తువ్వాలు, సబ్బు పట్టుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడి పిలిచాను. “ఇవాళ కొంచెం జలుబుగా ఉందండీ” అని తలుపు సందులోంచే అన్నారు. మొన్న మోకాలు నొప్పి అన్నారు. అంతకు ముందు రోజు చుట్టాలొస్తారన్నారు, ఒక్కరూ రాలేదు. నా మొహం చూడడానికే భయపడుతున్నట్టుంది. ఒక్కదాన్నే వెళ్ళి వేణ్ణీళ్ళలో కూర్చుంటే వీపు దురద పెట్టింది, చేయి అందలేదు. ఆ నీళ్ళల్లోనే ఏడ్చాను. ఆవిరి కాబట్టి ఎవరికీ తెలియలేదు.

వీధిలోవాళ్ళు కూడా నన్ను చూసి అదోలా తల వంచుతున్నారు. చేపల కొట్టు ఆయన “కాకమ్మగారూ, ఏం కావాలి” అన్నాడు. ట్రామెక్కలేను. నా పేరే నన్ను చూసి నవ్వుతున్నది. మీకు దణ్ణం పెడతాను, ట్రాముల్లోంచి, బస్సుల్లోంచి, ఇంకెక్కడెక్కడ తగిలించారో అక్కడి నుంచీ తీసేయండి. ఇది మర్యాద కాదు. నిజంగా వద్దంటున్నాను.

ఇసురుగి ఫుమి

తా.క.: మీ సమితి పోస్టరు చూశాను, “ప్రతి చేతిలో ఒక పుట” అని. నా చేతిలో ఒక చీపురుంది. ఎప్పుడైనా మా వీధికి రండి.

———

నవంబరు 28

మహాకవయిత్రి ఇసురుగి ఫుమి గారికి,

నిన్న సముద్రం మీద ఉరిమింది. ఇక బురి చేపలు వలల్లో పడే కాలం. రెండోసారి కూడా వద్దన్నారు. సంప్రదాయం సంపూర్ణమైంది! అంతేకాదు, తిట్టే ఉత్తరం మధ్యలో కూడా కవిత దాచారే!

ట్రామెక్కలేను.
నా పేరే నన్ను చూసి
నవ్వుతున్నది.

లెక్కపెట్టి మా అధ్యక్షుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. దీన్ని అన్ని ట్రాముల తలుపుల మీదా అంటించాం.

ఇక అసలు కబురు. మీ మొదటి కవితను రాతి మీద చెక్కిస్తున్నాం. ఆ రాయి ఎక్కడ నిలబెడుతున్నామో ఊహించండి! మీ వీధిలోనే, చెత్త సంచులు పెట్టే మూల పక్కనే. కాకి వాలిన చోటే కవిత నిలవాలి. డిసెంబరు రెండో ఆదివారం ఆవిష్కరణ. ముసుగు తీసేది మరెవరో కాదు, కనమోరి షిజు గారు. ఆమె వద్దని రెండుసార్లు చెప్పారు కాబట్టి ఒప్పుకున్నట్టే.

మీ వీధి అనుమతి కూడా వచ్చేసింది. విషయమంతా రాసి ఇంటింటికీ తిరిగే మీ వీధి కబుర్ల పలక మీద పంపించాం. చదివి ఒప్పుకున్న గుర్తుగా ఇంటికో ముద్ర పడింది. మొదటి ముద్ర మీదే! మీ ఔదార్యానికి జోహారు.

ఇట్లు,
మీ శిష్యుడిగా చెప్పుకోదలచిన
హోరిటా షుంసుకె

తా.క.: పలక తెచ్చిన ఆమె చెప్పింది, మీ ఇంట్లో అది టీ నీళ్ళు మరిగేంత సేపు కూడా ఉండదట. అంత త్వరగా ఒప్పుకునే కవిని మేం చూడలేదు.

———

డిసెంబరు 3

హోరిటా గారికి,

వీధంతా మోకాలెత్తు మంచు. మొన్న నా ముద్ర సంగతి చదివి నిలువునా నీరైపోయాను. నిజమే, వేశాను. ఆ పలక వస్తుంది, ముద్ర గుద్దుతాను, పక్కింట్లో ఇచ్చేస్తాను. నా దగ్గర పలక ఆగదని గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. నా పరువు తీసే రాయికి నేనే ముద్ర గుద్దానా అని రాత్రి అన్నం సయించలేదు. కానీ అది ఏమీ కాదు బాబూ. అసలు దెబ్బ నిన్న మంగళవారం తగిలింది. కూర్చుని చదవండి.

మంచుకు ట్రాములు ఆగిపోయాయి. ఎప్పటిలాగే తెల్లారగట్ల నా చెత్త సంచి వల కింద పెట్టి చెల్లెలి కొట్టుకు బయల్దేరినదాన్ని, స్టాపు నుంచి వెనక్కి వచ్చేశాను. మలుపు తిరిగేసరికి వల ఎత్తి ఎవరో వంగి ఉన్నారు. షిజు గారు! చేతిలో సంచి. దాని మూతికి ఊదారంగు తాడు. ఆ తాడు మా ఇంట్లో తప్ప ఈ వీధిలో ఎక్కడా లేదు. నా సంచి పట్టుకుని వాళ్ళింట్లోకి నడిచిపోతోంది. నా చెత్త దొంగతనం చేస్తోందా ఈవిడ?

“షిజు గారూ! అది నా సంచి!” అని అరిచాను.

ఆవిడ మంచులో అలాగే బిగుసుకుపోయింది. “క్షమించండి, క్షమించండి” అంది.

“క్షమించడం తర్వాత. నా చెత్తతో మీకేం పనండీ?”

“ఇవాళ... మంగళవారం కదండీ.”

“అవును, మంగళవారమే. చెత్త బండి వచ్చే రోజు!”

ఆవిడ నేల చూపులు చూస్తూ, “బుధవారానికి మార్చారండీ. ఏప్రిల్ నుంచి. పలక మీద రాసి పంపించారు” అంది.

హోరిటా గారూ, నా కాళ్ళ కింద మంచు ఉందో లేదో తెలియలేదు. మా వంటింట్లో వేలాడుతున్నది పోయినేటి చెత్త బండి రోజుల క్యాలెండరు. మా ఆయన తన చేత్తో పడవ బొమ్మ గీసిన చివరి క్యాలెండరని తీయలేదు. ఏప్రిల్ నుంచి ప్రతి మంగళవారం నేను సంచి పెట్టడం, నేను వెళ్ళగానే ఆవిడ దాన్ని ఇంట్లోకి తీసుకెళ్ళి దాచడం, బుధవారం తన సంచితో పాటు పెట్టడం. అవే ఆ రెండు సంచులు! ఆవిడ నిద్ర లేవడం ఆలస్యమైన రోజున కాకులు ముందొచ్చేవి. నా గుమ్మంలోకి వచ్చిన చేప తలలు నేను తిన్న చేపలవే. ఆ వానరోజు నా చెత్త ఏరుతూ నాకే క్షమాపణ చెప్పింది మహాతల్లి. ఈ ఊళ్ళో తప్పు లేనివాళ్ళే ముందు క్షమించమంటారని డెబ్బై ఏళ్ళు వచ్చిన నాకు తెలియదా!

“ఇన్నాళ్ళూ చెప్పలేదేం?” అన్నాను.

“ఎలా చెప్పనండీ? వంతు పెద్ద మీరు. అందరికీ వల గురించి మీరే చెబుతారు. అందరిలో మీ పరువు పోతుందని...”

“అందరికీ తెలుసా?”

ఆవిడ తల ఊపింది. తెలుసట! వీధి వీధంతా తెలుసట! కవిత ట్రాముల్లో చూసి, తను సంచి దాచే రహస్యం నా ముందు బయటపడి నేను సిగ్గుతో చచ్చిపోతానని భయపడి స్నానశాల మానేసిందట. “వేణ్ణీళ్ళలో కూర్చుంటే నాకు అబద్ధం రాదండీ” అంది. మిమ్మల్ని రెండుసార్లు వద్దన్నదీ నా కోసమేనట. ఇద్దరం మంచులో నిలబడి ఏడ్చాం. తర్వాత ఆ సంచి మధ్యలో పెట్టుకుని నవ్వాం. ఎదురింటావిడ కిటికీ మూసేసింది.

సాయంత్రం ఇద్దరం స్నానశాలకు వెళ్ళాం. ఆవిడ నా వీపు రుద్దబోతే వద్దన్నాను, ముందు ఆవిడది రుద్దాను. ఎప్పటికన్నా ఎక్కువసేపు రుద్దాను.

దారిలో మీ రాయి దగ్గర ఆగాం. మంచు పడి పని ఆగింది కదా, మొదటి రెండు వరుసలే చెక్కి ఉన్నాయి. కాబట్టి అయ్యా, మూడోసారి అడుగుతున్నాను. తీసేయమని కాదు. మూడో వరుస మార్చండి.

చలి మొదలు.
చేపతలతో కాకి.
ఆ సంచి నాదే.

లెక్క చూసుకోండి, ఐదే. ముసుగు షిజు గారే తీస్తారు. నేను పక్కన నిలబడి అందరి ముందూ నడుం వంచుతాను.

ఇట్లు,
మీ పెట్టె మీద ఏం రాసుందో ఇవాళే చదివిన
ఇసురుగి ఫుమి

తా.క.: కబుర్ల పలక నిన్న మా ఇంటికొచ్చింది. ఇంకా చదువుతున్నాను. వీధివాళ్ళు తలుపు కొడుతున్నారు. కొట్టనీయండి.