బావా బావమరుదుల సీటు

హోల్మ్‌బీ, అయోవా
1932 జూన్ 9, గురువారం

అమ్మకు,

నీ పెద్దకూతురు సిగ్నె నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరి ఒంట్లోనూ బాగానే ఉంది. మనసుల సంగతి కింద రాస్తాను. పైన ఊరి పేరు చూసే ఉంటావు. ఇది మా ఇంటి నుంచి కాదు, అన్నయ్య ఇంటి నుంచి రాస్తున్నాను. కంగారు పడకు. తీరిగ్గా కూర్చుని చదువు. చెల్లి డాగ్నీని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాలి నొప్పి తగ్గింది, పొద్దున మెట్లు దిగేటప్పుడు మాత్రం కాస్త పట్టేస్తుంది. తెల్ల కోళ్ళను నక్క ఎత్తుకుపోయింది, గోధుమరంగువి మిగిలాయి. రూబార్బ్ పులుపు కాడలు ఈ ఏడు విరగబడి పెరిగాయి, తినేవాళ్ళు లేక పక్కవాళ్ళకి మోపులు కట్టి పంపుతున్నాను. మొక్కజొన్న ధర గురించి అడగకు. జనం ఆ మాట ఎత్తితేనే ఉమ్ముతున్నారు.

ఇక అసలు ప్రశ్న. "మీ ఆయనా, మీ అన్నయ్యా మాట్లాడుకుంటున్నారా? నువ్వు ఎవరి పక్కన నిలబడుతున్నావు?" అని రాశావు. రెండు వారాలుగా ఆ వాక్యం చూసుకుంటూ కూర్చున్నానమ్మా. దానికి జవాబే ఈ ఉత్తరమంతా.

ఈ గొడవ ఎలా మొదలైందో నీకు కొంత తెలుసు. జనాభా లెక్కల తరువాత మన రాష్ట్రానికి వాషింగ్టన్ సభలో పదకొండు సీట్లు కాస్తా తొమ్మిదయ్యాయి. రాజధాని డెమోయిన్‌లో పెద్దలు కూర్చుని నియోజకవర్గాల గీతలు కొత్తగా గీశారు. రాష్ట్రమంతా ఎవరి కింద నేల ఎవరిదో తెలియక తన్నుకుంటున్నారు. మన వంతుకొచ్చేసరికి మా ఆయన గెలిచిన నియోజకవర్గం సగమూ, అన్నయ్య గెలిచిన నియోజకవర్గం సగమూ కలిపి ఒకటి చేశారు. ఇద్దరూ ఇప్పుడు సభలో ఉన్నవాళ్ళే, ఇద్దరిదీ ఒకే పార్టీ. కాబట్టి నవంబరు దాకా ఆగే పని లేదు. జూన్‌లో, పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలోనే ఒకరు రెండోవాణ్ణి ఇంటికి పంపాలి.

మొదట్లో అందరూ నవ్వుకున్నారు. దుకాణంలో మిసెస్ ప్రూయిట్ పంచదార తూస్తూ, "నీకేం తల్లీ, ఎవడు గెలిచినా సీటు మీ ఇంట్లోదే. ఓడినవాడికి వడ్డించడం మర్చిపోకు చాలు" అనేది. అన్నయ్య మా ఇంటికొస్తే మా ఆయన మెరిట్ గుమ్మంలోనే, "రా బావా, నా ఓట్లు లెక్కపెట్టడానికొచ్చావా, నా భోజనం తినడానికా?" అనేవాడు. "భోజనం ఇప్పుడు, ఓట్లు జూన్‌లో" అనేవాడు అన్నయ్య.

ఏప్రిల్‌లో ఆ నవ్వులు ఆగిపోయాయి. టీస్‌డేల్ అని మా ఆయన ప్రచారం నడిపే మనిషి ఒకడు దిగాడు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ తొందర. ఒక ఉదయం నేను కాఫీ పోస్తుంటే వాడు మెరిట్‌తో, "మీ బావగారి యుద్ధం తరువాతి సంగతి ఒక్కటి బయటికి వదిలితే చాలు సార్, ఆట అయిపోతుంది" అన్నాడు.

నా చేతిలో కెటిల్ అలాగే ఆగిపోయింది.

"అది మా ఇంటి సంగతి, దాని జోలికి పోకు" అన్నాడు మా ఆయన, గట్టిగానే.

టీస్‌డేల్ వెళ్ళాక అడిగాను. "వీడికెలా తెలిసింది?"

"ఊళ్ళో ఎవరో ఏదో అనుంటారు."

"ఊళ్ళో ఎవరికీ తెలీదండీ. అమ్మకి, నాకు, మీకు. అంతే."

"సిగ్నె, ఎన్నికల్లో వెయ్యి పుకార్లు పుడతాయి. అది బయటికి రాదు. నాది పూచీ."

ఆ పూచీ పట్టుకుని మే నెలంతా గడిపాను. అన్నయ్యకు చెప్పాలా వద్దా? చెబితే మొగుణ్ణి అనుమానించినట్టు. చెప్పకపోతే అన్నను బలిచ్చినట్టు. చెప్పలేదు.

పోయిన శనివారం కోర్టు ముందు పచ్చిక మీద ఇద్దరికీ ఒకే వేదిక కట్టారు. చుట్టుపక్కల కౌంటీల రైతులంతా పెళ్ళాం పిల్లలతో వచ్చారు. ఎండ మండిపోతోంది. మగవాళ్ళు ఎవరి మీదో కోపంగా ఉన్నారు, ఎవరి మీదో వాళ్ళకే తెలీదు. అన్నయ్య ధరల గురించి మాట్లాడాడు. బాగా మాట్లాడాడమ్మా, నాన్న గొంతే. మెరిట్ లేచి జవాబు చెప్పి కూర్చున్నాడు. చప్పట్లు ఇద్దరికీ సమానంగానే పడ్డాయి.

అప్పుడు వెనక నుంచి, నేనెప్పుడూ చూడని మనిషి ఒకడు చెయ్యెత్తాడు. "ఐనార్ గారూ, ఒక్క ప్రశ్న. ఫ్రాన్స్ నుంచి దిగాక తమరు ఏడాదిపాటు ఎక్కడున్నారు?"

అన్నయ్య లేచాడు. "ఆరెగాన్‌లో. మా మామయ్య దగ్గర కలప పనిలో..."

"కలప పనా? లేక గదిలో పెట్టి తాళమేసే పనా? రాష్ట్రపు పిచ్చాసుపత్రిలో కలప కోయిస్తారని నాకు తెలీదే!"

కొందరు నవ్వారు. కొందరు ఏమిటేమిటని పక్కవాళ్ళని అడుగుతున్నారు. "పిచ్చోడికా మా ఓట్లు?" అని ఇంకో గొంతు. అన్నయ్య నోరు తెరిచాడు, మాట రాలేదు. వాడి కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఆ చెయ్యి నీకు తెలుసు. దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు. అప్పుడు రెండూ వణికాయి.

నేను మెరిట్ వైపు చూశాను. ఒక్క మాట చాలు అనుకున్నాను. లేచి, 'ఆపండి, ఇతను నా బావమరిది' అంటే చాలు. ఆయన తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. వేదిక మీద కూర్చున్న టీస్‌డేల్ మాత్రం జనాన్ని చూస్తున్నాడు, కుండలో పాలు పొంగేదాకా చూసేవాడిలా.

అమ్మా, నీకు కోపమొచ్చే పని అప్పుడే చేశాను. అన్నయ్యను ఆసుపత్రిలో వదిలి వచ్చిన రోజు రైలు ప్లాట్‌ఫారం మీద నా చేత ఒట్టు వేయించుకున్నావు. ఎవరడిగినా, ఇప్పుడు నువ్వుంటున్న ఆ ఆరెగాన్‌లోనే ఉన్నాడని చెప్పాలని. ఇన్నేళ్ళూ ఆ ఒట్టు మోశాను. శనివారం దాన్ని ఊరందరి ముందూ తీసి పారేశాను.

మెట్లెక్కి వేదిక మీదికి వెళ్ళాను. ఎవరూ ఆపలేదు, మెరిట్ కోల్బీ గారి భార్య కదా, ఆయన తరఫునే మాట్లాడుతుందనుకున్నారు. ఏం చెప్పానో అక్షరం అక్షరం గుర్తులేదు. ఇలా చెప్పినట్టు గుర్తు: "అతను అడిగింది నిజమే. మా అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నాడు. ఉరిమితే మొక్కజొన్న గాదె కిందకి దూరేవాడు. మాట పడిపోయింది. ప్రతి ఆదివారం రైలెక్కి వెళ్ళి నేనే అన్నం తినిపించాను. తన దళంలో పిల్లలందరినీ ఒకే మధ్యాహ్నం మట్టిలో పెట్టి వచ్చిన మనిషికి అలా కాక ఎలా ఉంటుంది? బాగయ్యాడు. లా చదివాడు. మీరే రెండుసార్లు గెలిపించారు. అబద్ధం చెప్పించింది మేము, వాడు కాదు. నవ్వేవాళ్ళు నన్ను చూసి నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. జనంలోంచి నీ పాత స్నేహితురాలు రాగ్నా ఓల్‌సెన్ లేచింది. "మావాడు ఇంకా అక్కడే ఉన్నాడు. షికాగోలో ఉన్నాడని మీ అందరికీ చెప్పాను" అని, కూర్చుని తన నల్ల శాలువాలో మొహం దాచుకుంది.

అన్నయ్య నన్ను మెచ్చుకుంటాడనుకున్నావా? వేదిక వెనకాల నా మోచెయ్యి పట్టుకున్నాడు. "నేనే చెప్పుకునేవాణ్ణి కదే. ఇంకొక్క నిమిషం ఆగితే నేనే చెప్పుకునేవాణ్ణి. చెల్లెలొచ్చి కాపాడితే తప్ప నిలబడలేడని వాళ్ళకి నువ్వే చూపించావు" అన్నాడు.

సోమవారం ఓటు వేయడానికి స్కూలుకి మా ఆయన కారులోనే వెళ్ళాను. దిగేముందు మెరిట్ అన్నాడు, "ఎవరికి వేస్తావో అడగను. అడిగితే నువ్వు నిజం చెప్తావు."

నీకు చెబుతున్నాను. అన్నయ్యకే వేశాను.

అయినా మా ఆయనే గెలిచాడు. ఆయన వైపువాళ్ళు ఆయనకీ, అన్నయ్య వైపువాళ్ళు అన్నయ్యకీ వేశారు. మధ్యలో ఎటూ చెందని కౌంటీలు మంగళవారం మధ్యాహ్నం దాకా ఊగిసలాడి చివరికి ఇటు ఒరిగాయి. ఇల్లంతా జనం. నేను వంటగదిలో కేకు కోస్తున్నాను. టీస్‌డేల్ లోపలికొచ్చి, వాడి సంతోషం వాడు పట్టలేక, "అమ్మా, మీరలా మాట్లాడకపోతే తేడా ఇంకా పెద్దదే వచ్చేది. పోనీలెండి. సార్ జనవరిలో నన్ను పనికి కుదుర్చుకున్న రోజే ఆ సంగతి నా చెవిన వేయబట్టి సరిపోయింది" అన్నాడు.

జనవరిలో.

కత్తి బల్ల మీద పెట్టాను. ముందుగదిలోకి వెళ్ళి జనం మధ్యలోనే అడిగాను, "మీరు చెప్పారా?"

ఆయన మొహంలో రంగు దిగిపోయింది. "చెప్పాను. దాన్ని వాడుకోవద్దన్నాను కూడా. అలా చెప్పాక శనివారం నేనే ఆపాల్సింది, ఆపలేదు." అంత మెల్లగా అన్నాడు, పేపరు తరఫున ఫొటో తీయడానికొచ్చినవాడికి వినబడనే లేదు. "ఇద్దరూ వరండాలోకి రండి, వెలుతురు బాగుంది" అని పిలుస్తున్నాడు పాపం. నేను వెనక తలుపులోంచి బయటికొచ్చి, ఫోర్డు కారు తీసుకుని ఇక్కడికి వచ్చేశాను.

అన్నయ్య గేటు దగ్గరికొచ్చి, కారు దిగేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాడు. శనివారం సంగతి ఎత్తలేదు. మరునాడు పొద్దున కాఫీ దగ్గర తనంతట తానే అన్నాడు. "రాత్రి ఉరిమింది విన్నావా? మీ వదినని లేపి, నాకు భయమేస్తోంది అని చెప్పాను. పెళ్ళయి పదేళ్ళు. ఇన్నాళ్ళూ ఉరిమినప్పుడల్లా పశువులని చూసొస్తానని లేచి వెళ్ళి కొట్టంలో కూర్చునేవాణ్ణి." వదిన పొయ్యి వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. "కొట్టంలో ఎందుకు కూర్చుంటారో అడక్కూడదేమో అనుకున్నా" అంది.

నువ్వు వాడి మంచికే దాచావమ్మా. నేను కూడా అందుకే దాచాను. మనం తప్పు చేశామని అనను. కానీ ఆ పదేళ్ళూ వాడు చీకట్లో ఆవుల పక్కన కూర్చున్నాడు. అది కూడా నీకు తెలియాలి.

ఈ ఉదయం మెరిట్ వచ్చాడు. నేను ఈ ఉత్తరం సగంలో ఉన్నాను. కిటికీలోంచి ఇద్దరూ కనిపిస్తున్నారు, మాటలూ వినిపిస్తున్నాయి. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"టీస్‌డేల్‌కి చెప్పింది నేనే బావా."

"తెలుసు. శనివారం నీ మొహం చూశాను."

"రేపు పేపర్లో ఆ మాట నా పేరు మీద వేయిస్తాను. పార్టీవాళ్ళు సీటు వదలమంటే వదిలేస్తాను."

"సీటు నాకొద్దు. ముష్టి వేసిన సీటు అసలొద్దు" అన్నాడు అన్నయ్య. "పేపరు తరువాత. నీకు ఆ సంగతి చెప్పిందెవరు? అమ్మ. దాచి పిల్లనివ్వకూడదని, పెళ్ళికి ముందు నిన్ను కూర్చోబెట్టి తన నోటితో చెప్పింది. ముందు ఆవిడకి చెప్పు."

మెరిట్ లోపలికి వచ్చాడు. నేను ఒక కాగితం, కలం ఆయన ముందు పెట్టాను. 'అత్తయ్యా' అని రాసి ఆగిపోయాడు. "ఇది రాసే మాట కాదు సిగ్నె. ఎదురుగా చెప్పాలి" అన్నాడు. పార్టీ పెద్దలు ఆదివారం డెమోయిన్ రమ్మన్నారట. వెళ్ళనని ఇక్కడి నుంచే ఫోను చేశాడు.

కాబట్టి ఆదివారం బండికి మేమిద్దరం నీ దగ్గరికి ఆరెగాన్ వస్తున్నాం. ఒకే రైల్లో వస్తున్నామని ఒకే మాట మీద వస్తున్నామనుకోకు. తిరుగుప్రయాణంలో ఆయన పక్కన కూర్చుంటానో లేదో నాకే తెలీదు. ఆయన నీ గుమ్మంలో నిలబడి చెబుతాడు. నువ్వు విను. నన్ను తిట్టాలనుకుంటే ఆయన ముందే తిట్టు, ఆ మాటలు పడవలసినదాన్నే. తరువాత ఆయన్ని లోపలికి పిలవాలో, గుమ్మం దగ్గర్నుంచే పంపేయాలో నీ ఇష్టం. నేను మాత్రం నీ పక్కన మంచం వేసుకుంటాను.

ఇట్లు,
ఒట్టు తప్పినా నీ కూతురే అయిన
సిగ్నె