ఆవకాయ జాడీ కేసు

డైరీ ఫార్మ్,
బుధవారం

మాయాబందర్ మావయ్యకు,

మొన్నటి నుంచి మీరు ఫోన్ ఎత్తడం మానేశారు కాబట్టి కాగితం ఖర్చుపెడుతున్నాను. వైజాగ్ నుంచి అమ్మమ్మ ఈ దీవులకొచ్చే షిప్‌లో మీ చేత పంపిన ఆవకాయ జాడీ, మీరు మా ఇంట్లో మూడు రోజులుండి వెళ్లాక చూస్తే సగమే ఉంది. మా తాళంచెవి పక్కింటి హేమమాలిని దీదీ దగ్గర ఉంటుందని అమ్మ ఆవిణ్ని అనుమానించి మాటలు మానేసింది. దీదీ ఒకటే ఏడుపు.

అందుకే కేసు మేం తీసుకున్నాం. తమ్ముడు చక్రి ఏ వస్తువుకు చెవి ఆనించినా, దాని దగ్గర చివరగా ఎవరేమన్నారో వినిపిస్తుంది. అబద్ధం వింటే నా ఎడమ చెవి కాలుతుంది. లెక్కల్లో మాత్రం ఇద్దరికీ ఏ శక్తీ లేదు.

జాడీకి చెవి ఆనించి చక్రి అచ్చం మీ గొంతుతో అప్పజెప్పాడు: “అరే, ఏక్ ముక్కే కదా! డాక్టర్‌కేటి తెలుస్తాది?” తర్వాత మీ త్రేన్పు కూడా. “నేను మూతైనా తియ్యలేదు” అని మీరు మొన్న ఫోన్‌లో అన్నప్పటి నుంచి నేను చెవికి ఐసు పెట్టుకుంటున్నాను.

ఆదివారంలోగా అమ్మకు నిజం చెప్పి, దీదీకి క్షమాపణ చెప్పండి. బీపీ మనిషి పచ్చడి తిన్న సంగతి అత్తయ్యకు మేం నోరు విప్పి చెప్పం.

పంటి వైద్యానికి ఇక్కడే ఆగిపోయిన అత్తయ్య రేపు బస్సెక్కుతోంది. ఈ ఉత్తరం ఆవిడ చేతికే ఇస్తున్నాను. కవరు అంటించలేదు. ఆవిడకు మాలాంటి శక్తులేవీ లేవు. చదవడం మాత్రం వచ్చు.

మీ మేనకోడలు