అక్క బైబిలుకు ఆవిరి పట్టిన వైనం

అక్కా,

క్షేమమా అని అడిగే అధికారం నాకు లేదు గనుక అడగడం లేదు. నువ్వు వెళ్ళిపోయి నేటికి అయిదు నెలల పదకొండు రోజులు. ఈలోపు జరిగినవి నీ దృష్టికి తేవడం నా విధి.

ఈ గల్ఫు ఊళ్ళో, అల్ ఘర్రాఫా పేటలో నువ్వు వంట చేసిన విల్లా మేడమ్ నీ సామాను పంపింది. రెండు చీరలు, కళ్ళజోడు, బైబిలు. పొయ్యి పక్కన పెట్టుకుని చదివేదానివి కదా... పులుసు ఒలికి చివరి ఖాళీ పుటలు అతుక్కుపోయాయి. నువ్వు ప్రార్థన మనవులు రాసుకునే పుటలవి. అందులో నా పేరు ఇంకా ఉందా? కొట్టేశావా? తెలుసుకునే ధైర్యం చాలక ఇన్నాళ్ళూ బీరువాలో పెట్టాను.

పూర్వాపరాలు నీకు తెలుసు. అయినా రికార్డు కోసం రాస్తున్నాను. శుక్రవారం ప్రార్థన కూడికలో దేవుడి మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే నువ్వు ప్రతిసారీ ఆ కవలల కథే ఎత్తుకునేదానివి. విక్టోరియా రాణి కాలపు అక్కచెల్లెళ్ళు ఒంటెలెక్కి సీనాయి మఠానికి వెళ్ళడం, అట్టకట్టిన పాత తోలుపుటలను టీ కెటిల్ ఆవిరితో విడదీయడం, పైన పరిశుద్ధ స్త్రీల చరిత్రలు, వాటి అడుగున ఎవరో చెరిపేసిన సువార్త బయటపడడం... “మనలాంటి ఆడోళ్ళేనే! అంతమంది మగోళ్ళకి కనపడనిది ఈళ్ళకి కనపడింది” అంటూ నలభై నిమిషాలు. ఆ కథ నీకెవరు చెప్పారు? ఏనాడూ అడగలేదు.

అల్ ముంతజాలోని టైపింగ్ సెంటర్‌లో పదహారేళ్ళుగా అర్జీలు కొడుతున్న నా చేతులు ఊరుకోలేదు. “సాక్ష్యములకు ఇకమీదట మూడు నిమిషముల గడువు విధించడమైనది” అని కొట్టి, గుండ్రటి సీలు కూడా వేసి, కూడిక గది తలుపుకు అంటించాను. వేళాకోళమే. కానీ భాష మరీ సక్రమంగా ఉండడంతో పాస్టరు అయ్యగారు దానిని అమలు చేశారు. గంట కొట్టి ఆపిన మొదటి సాక్ష్యం నీదే.

“నీ ఎటకారం నువ్వే వండుకు తినవే. ఖలాస్” అన్నావు. ఆ తరవాత నాతో మాట్లాడలేదు. రెండు నెలలకు నీ గుండె ఆగింది.

నిన్న మధ్యాహ్నం కెటిల్ పెట్టాను. అది మరగగానే దానంతటదే ఆగిపోయే రకం. కవలలకు ఈ ఇబ్బంది ఉండి ఉండదు. తొమ్మిదిసార్లు మీట నొక్కాను. జలుబు చేసిందా అని నా గదిలో ఉండే నర్సు అడిగింది. అవునన్నాను. ముక్కు కారుతూనే ఉంది గనుక అది అబద్ధం కిందకు రాదు.

పుటలు విడివడ్డాయి అక్కా... నా పేరుంది.

దాని కింద పెన్సిలుతో రాసి రబ్బరుతో చెరిపిన వాక్యం. కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే గీతలు కనిపించాయి: “చెల్లి వచ్చి తప్పు ఒప్పుకోవాలి.”

సరిగ్గా దాని మీద, నీలం పెన్నుతో: “ఒప్పుకోకపోయినా పర్లేదు. వేళకి అన్నం తినాలి.”

నోటీసు తక్షణం రద్దు చేయడమైనది. వచ్చే శుక్రవారం సాక్ష్యం నాది. ముందు తప్పు ఒప్పుకుంటాను. తరవాత కవలల కథ, ఒంటెలతో సహా. గంట కొడితే వినపడనట్టే ఉంటాను.

ఇట్లు,
ఇప్పుడే అన్నం తిన్న
నీ చెల్లి