ఐదో డబ్బాలోది తినలేదు

ఏమయ్యా,

మా మామ వాళ్ళింట్లో చుట్టాలంట, అత్త పనికి రమ్మనింది. పోతాండా, పొద్దుగూకేసరికి వస్తా.

నువ్వు డబ్బాల్లో పెట్టి సాకుతాండే కొండచిలువ పిల్లలకు పటకారుతో, కండ్లు మూసుకొని ఎలుకలు వేసినా. నాలుగు తినినాయి. ఐదో డబ్బాలోది, ఆ బక్కది, ఈ పొద్దు కూడా ముట్టలేదు. గోడ మీది కాగితంలో "తినలేదు" అని రాసినా. రాగానే దాన్ని చూడు, ఇట్లే ఉంటే బతకదు.

ఏ గుడ్డు పగిలింది, ఏ పిల్ల కుబుసం ఇడిచింది, ఏది తినింది, అన్నీ రాస్తావు. పెండ్లయినప్పటి నుంచి నన్ను ఒక్కసారన్నా "తిన్యావా" అని అడిగినావా?

కళావతి

మర్చిపోయినా. చేపల పులుసు పొయ్యి మీద ఉండాది. గోడ మీది కాగితం అడుగున ఆరో వరస గీసినా, చూసుకో: "కళావతి, తినలేదు. దీనికి పటకారు అక్కర్లేదు, చేత్తో పెడితే తింటాది."