కారు గెలిచిన అత్తయ్యకి

అత్తయ్యా, పాపకి టీకా వేయించడానికి ఆస్పత్రికి వెళ్తున్నాను. మీరు లేచేసరికి రాకపోవచ్చు. అన్నం పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను. మీ బ్యాంకు కార్డు నా సంచిలో ఉంది, బీరువా అంతా తిరగేసి నడుం నొప్పి తెచ్చుకోకండి.

ఆ బహుమతి వాడు మళ్ళీ ఫోన్ చేస్తాడు. ఎత్తకండి. పొరపాటున ఎత్తినా అంకెలేవీ చదవకుండా పెట్టెయ్యండి. కొనని లాటరీకి కారు ఎవరిస్తారండీ? తొమ్మిదో తరగతిలో బడి మానేసినదాన్ని, నాకే తెలుస్తోంది. మూడో అంతస్తులో ఉండే మనం ఆ కారు ఎక్కడ పెట్టుకుంటాం, మంచం కిందా? చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది. బ్యాంకులో ఉన్నది మీ కంటి ఆపరేషన్‌కి దాచుకున్న డబ్బు. అది కాస్తా వాడు ఊడ్చుకుపోతే మీకు చూపు ఎవడు తెచ్చిస్తాడు?

చెప్పులేసుకున్నదాన్ని మళ్ళీ వచ్చి ఇది రాస్తున్నాను. మీరు ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడతారు కదా, నిన్నటిదంతా పక్కింటి పిన్ని గోడవతల నుంచి విన్నదట, ఇప్పుడే గుమ్మంలో చెప్పింది. మీరు కార్డు మీది అంకెలు సగం చదివాక వాడు "మీ కోడలికి చెప్పకండి, కాజేస్తుంది" అన్నాడట. మీరేమో "నా కోడల్ని అంటావురా, పళ్ళు రాలగొడతా" అని పెట్టేశారట. ఆ ముక్క నాతో అంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా? ఊరికే మీ మీద అంతలా అరిచాను.

వాడు ఈసారి తెలివి తెచ్చుకుని నన్ను పొగుడుతాడు. అప్పుడు కూడా పెట్టెయ్యండి.